ఎర్ర బిందె అక్క

పాటల మూడో చరణంల ఉన్నది నేనే.
పేరు పెట్టలే. "ఎర్ర బిందె అక్క" అన్నది,
"లైను దాటి దూరే అక్క" అన్నది.
అడ్డగుట్టల ఎర్ర ప్లాస్టిక్ బిందె ఎవరిదో
కుక్కలక్కూడ తెలుసు.

పాడింది రూతు. టైల్స్ మేస్త్రి ప్రకాశం బిడ్డ.
పోస్టర్ మీద మాత్రం రూహి అట,
కండ్లకు నీలం రంగు, జుట్టు ఒక దిక్కు గొరిగి.
పాట పేరు "నల్లా టైం".
కృష్ణానగర్‌ల ఎవరిదో రెండర్రల స్టూడియో.
డోలు లేదంట, తబలా లేదంట,
ఖాళీ డ్రమ్ము మీద, బోర్లించిన బకీటు మీద కొట్టిండ్రంట.
ఎవరూ చెప్పకముందే నేను పోల్చిన.
అది మా గల్లీ పొద్దుగాల నాలుగింటి చప్పుడు.

మొదటి నెల ఎవ్వలు వినలే.
ఎఫ్ఎంల ఒక పిలగాడు నవ్విండు:
"నల్లా మీద పాటేంది భై, రేపు గ్యాస్ బండ మీద పాడ్తరా?"
పేపర్ల ఒకాయన రాసిండంట,
గొంతు ఉన్నది గాని గాంభీర్యం లేదని.
మా ఆడబిడ్డ చదివి వినిపిస్తే
గాంభీర్యం అంటే ఏందా అని
ఇద్దరం చిక్కుడుకాయ గిల్లుకుంట శానాసేపు ఆలోచించినం.

ఎండలు ముదిరినయ్.
నీళ్లు మూడు దినాలకొకసారి అయినయ్.
అప్పుడు లేచింది పాట.
ఆటోలల్ల, మిర్చి బండ్ల కాడ, బరాత్‌లల్ల,
సూట్లేసుకున్నోళ్లు గూడ ఖాళీ బిందె ఎత్తినట్టు చేతులెత్తి ఎగురుడే.
ట్యాంకర్ డ్రైవర్ అదే తాళంల హారన్ కొట్టబట్టె.
లైన్‌మన్ అంజయ్య అలిగిండు,
రెండో చరణం ఆయనది.
వారం దినాలు మా గల్లీ వాల్వు సగమే తిప్పిండు.

నేను కనబడంగనే పోరగాండ్లు మూడో చరణం అందుకునేది.
నేను గిన్నెలు తోముతుంటే ఒకటే కోరస్.

పాటల లేని సంగతి చెప్త.
నాలుగూ నలభైకి బస్సు.
ఐదున్నరకల్లా ఐసీయూ తుడిచి ఉండాలె,
పది నిమిషాలు లేటయితే సూపర్‌వైజర్ సగం దినం కోస్తడు.
రూతుకు తెల్వదా? తెలుసు.
దాని పదో తరగతి పరీక్షలప్పుడు
నా బిందె ఎనుక దాని బిందె గూడ దూర్చింది నేనే.
పిల్ల నిద్ర చాలక గోడకు ఒరిగి నిలబడేది, చేతుల సాంఘికశాస్త్రం పుస్తకం.
ఆ ముక్క తాళంల పట్టలేదేమో.

ఒకనాడు వార్డుల, ఎవరో పేషెంటు కొడుకు
ఫోన్ల పెట్టుకున్నడు, సన్నగ.
మాపు కర్ర చేతుల ఉన్నది.
కాలు ఆడింది.
నా కాలే. సిగ్గులేని కాలు.
సిస్టర్ నవ్వి, "బాలమణీ, నీకు తెలుసా ఈ పాట?" అన్నది.
తెల్వదన్న.

మొన్న ఆదివారం రూతు ప్రార్థనకొచ్చింది,
కారు మెయిన్ రోడ్డు మీదనే ఆపి.
మెట్ల కాడ నన్ను జూసి నీలం కండ్లు దించింది.
"ప్రాస కోసం అక్కా" అన్నది.
నా నోట్ల శానా మాటలున్నయ్.
"ఎర్ర బిందె పగిలి ఏడాదైందే,
ఇప్పుడున్నది పచ్చది" అన్న, అంతే.
"పచ్చ తాళంల పడదక్కా" అన్నది, మెల్లగ,
నిజంగనే లెక్క పెట్టుకున్నట్టు పెదాలు కదిలిచ్చుకుంట.

ఇయ్యాల పొద్దుగాల నాలుగింటికి
పచ్చ బిందె పట్టుకొని పోయిన.
"ఎర్ర బిందె అక్క వచ్చింది, జరగుండ్రి జరగుండ్రి"
అని నవ్వుకుంట జరిగిండ్రు అందరు.
ఎగతాళో, మర్యాదో, నాకు బస్సున్నది.
బిందె పెట్టిన.
మా నల్లాల ముందు గాలి వస్తది,
ఎనుక తుప్పు,
ఆ ఎనుక నీళ్లు.